ఆ ఏటి మేటి చిత్రం ఏది?

బహుమతి ఒక చిత్రానికి, కాసులు మరొక చిత్రానికి, కాలం చేసిన సన్మానం వేరొక చిత్రానికి! 1957లో వెలువడిన భారతీయ చిత్రాలను తూచి చూస్తే ‘ఉత్తమం’ అనే ఒక్క మాటకు ఎన్ని అర్థాలున్నాయో బోధపడుతుంది.

1957వ సంవత్సరపు తెలుగు చిత్రాలలో ఉత్తమమైనదిగా ప్రభుత్వ న్యాయనిర్ణేతలు ఎన్నుకొన్నది ‘భాగ్యరేఖ’ను. రాష్ట్రపతి రజత పతకం దానికి లభించింది. ‘మల్లీశ్వరి’ వంటి కళాఖండాన్ని తెలుగువారికి ప్రసాదించిన బి.ఎన్.రెడ్డి ఆ చిత్ర దర్శకుడు. అభిరుచికి, సంయమనానికి పేరుగన్న వ్యక్తి. ఆయనకు ఆ గౌరవం దక్కడంలో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు.

అదే సంవత్సరం మార్చి 27న విడుదలైన మరొక తెలుగు చిత్రం ఆ జాతీయ బహుమతుల పట్టికలో ఎక్కడా కనబడలేదు. దాని నిర్మాతలలో ఒకరైన బి.నాగిరెడ్డి, బి.ఎన్.రెడ్డికి స్వయానా తమ్ముడు. దాని దర్శకుడు కె.వి.రెడ్డి, ఒకప్పుడు బి.ఎన్. వారి వాహినీ సంస్థలోనే పనిచేసి, అక్కడే దర్శకుడైనవాడు. ఆ చిత్రం పేరు ‘మాయాబజార్’.

యాభై ఆరేళ్లు గడిచాయి. 2013లో భారతీయ చలనచిత్ర శతజయంతి సందర్భంగా సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. వార్తా ఛానల్ ప్రజల ఓట్లు సేకరించింది. దేశంలోని అన్ని భాషల చిత్రాలనూ దాటి మాయాబజార్ ప్రథమ స్థానంలో నిలిచింది. ఈనాడు ‘భాగ్యరేఖ’ అంటే గుర్తుపట్టి తలపంకించేవారు వృద్ధులు, చలనచిత్ర చరిత్రను శ్రద్ధగా చదువుకొన్నవారు మాత్రమే. మాయాబజార్‌ను ఎరుగని తెలుగు ఇల్లు అరుదు.

అయితే నాటి న్యాయనిర్ణేతలు కళ్లు మూసుకొని తీర్పు చెప్పారా? లేక నేటి ఓటర్లు అభిమానంతో కళ్లు మూసుకొన్నారా? రెండూ కాదు. ఆ ఇద్దరూ జవాబిచ్చిన ప్రశ్నలే వేరు. ఒక సంవత్సరపు చిత్రరాశి నుంచి శాశ్వతమైన వాటిని ఏరడానికి పూనుకొన్నవారు మొదట గ్రహించవలసిన సత్యం ఇదే.

ఏ సంవత్సరం లెక్క?

ఎంపిక మాట అటుంచి, ఒక చిత్రం ఏ సంవత్సరానికి చెందినదో తేల్చడమే ఒక్కొక్కప్పుడు కష్టం. పుస్తకానికి ముద్రణ సంవత్సరం ఉంటుంది. చలనచిత్రానికి మాత్రం పుట్టినరోజులు నాలుగు: చిత్రీకరణ ముగిసినది ఒకటి, సెన్సారు వారి ధ్రువపత్రం అందినది ఒకటి, థియేటరులో తెర లేచినది ఒకటి, విదేశాల వారు చూసినది ఒకటి.

రవీంద్రనాథ టాగోర్ కథ ఆధారంగా తపన్ సిన్హా తీసిన ‘కాబూలీవాలా’ను చరిత్ర గ్రంథాలు 1957 చిత్రంగా పేర్కొంటాయి. కాని ఆ చిత్రానికి లభించిన రాష్ట్రపతి స్వర్ణపతకం 1956వ సంవత్సరపు చిత్రాలకు ఉద్దేశించినది. ప్రభుత్వ బహుమతులకు సెన్సారు తేదీ ప్రమాణం. ప్రేక్షకునికి విడుదల తేదీ ప్రమాణం. సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ 1956 అక్టోబరులో కలకత్తాలో విడుదలైంది. ప్రపంచం దానిని గుర్తించినది మాత్రం 1957లో, వెనిస్ చిత్రోత్సవంలో అది ‘సువర్ణ సింహం’ గెలుచుకొన్నప్పుడు.

మరింత విషాదకరమైన ఉదాహరణ ఋత్విక్ ఘటక్ ‘నాగరిక్’. 1952లో పూర్తయిన ఆ చిత్రం విడుదలకు నోచుకొన్నది 1977లో. అప్పటికి ఘటక్ కన్నుమూసి ఏడాది దాటింది. దానిని ఏ సంవత్సరపు పద్దులో వ్రాయాలి? 1952లోనే ప్రజలు చూసి ఉంటే, 1955లో ‘పథేర్ పాంచాలీ’తో మొదలైందని చెప్పుకొనే నూతన వాస్తవికతా చరిత్రను మరొక విధంగా వ్రాసుకొని ఉండేవారేమో!

తెలుగువారి తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’కే ఈ చిక్కు తప్పలేదు. అది 1931 సెప్టెంబరులో విడుదలైందని దశాబ్దాలపాటు అందరూ నమ్మారు. పాత పత్రికలను, సెన్సారు రికార్డులను వెదికిన పరిశోధకుడు రెంటాల జయదేవ అది బొంబాయిలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైనట్లు ఆధారాలు చూపాడు. దానితో తెలుగు సినిమా పుట్టినరోజే మారింది.

కాబట్టి ఏ సంవత్సరపు పట్టిక తయారుచేసేవారైనా ముందుగా ఒక నియమం పెట్టుకొని, దానిని పైకి చెప్పి, దానికి కట్టుబడాలి. దేశంలో మొదటిసారి ప్రజల ముందుకు వచ్చిన తేదీని ప్రమాణంగా తీసుకొనడం అన్నిటికన్నా నిజాయితీ గల పద్ధతి. ఎందువల్లనంటే చూసేవారు లేని చిత్రం ఇంకా సగం చిత్రమే. ఆ నియమం ప్రకారం ‘అపరాజితో’ను 1957 పట్టిక నుంచి తొలగించవలసి వస్తుంది. మనసు ఒప్పకపోయినా తొలగించవలసిందే.

నలుగురు న్యాయమూర్తులు

1957లో దేశంలో మూడు వందలకు కాస్త అటూ ఇటూగా కథాచిత్రాలు తయారయ్యాయి. వాటిపై తీర్పు చెప్పిన న్యాయమూర్తులు నలుగురు: ప్రభుత్వం, పెట్టెలో పడిన డబ్బు, విదేశీ చిత్రోత్సవాలు, కాలం. నలుగురూ నాలుగు చిత్రాలను ఎత్తి చూపారు.

ప్రభుత్వ న్యాయనిర్ణేతలు అఖిల భారత స్వర్ణపతకాన్ని వి.శాంతారామ్ ‘దో ఆంఖేఁ బారహ్ హాథ్’కు ఇచ్చారు. ఆరుగురు హంతకులను సంకెళ్లు లేకుండా పొలానికి తీసుకుపోయి, శ్రమతో, విశ్వాసంతో మనుషులుగా మార్చదలచిన ఒక జైలు అధికారి కథ అది. పూర్వపు ఔంధ్ సంస్థానంలో స్వతంత్రపుర్ అనే చోట జరిగిన తెరచిన జైలు ప్రయోగం ఆ కథకు ప్రేరణ. అధికారి పాత్రను శాంతారామ్ స్వయంగా ధరించాడు. చిత్రీకరణలో ఎద్దుతో పోరాడే ఘట్టంలో ఆయన కంటికి తీవ్రమైన గాయమయింది. 1954లో మొదలైన ప్రభుత్వ బహుమతుల లక్ష్యం కళావిలువలతో పాటు విద్యా సాంస్కృతిక విలువలను ప్రోత్సహించడం. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లయిన దేశం మనిషి మారగలడనే మాటను వినగోరింది. ఆ మాటను అంత గాఢంగా చెప్పిన చిత్రం ఆ ఏడు మరొకటి లేదు. ఆ చిత్రం మరుసటి సంవత్సరం బెర్లిన్ చిత్రోత్సవంలోనూ రజత భల్లూక బహుమానం అందుకొన్నది. న్యాయనిర్ణేతలు తమను అడిగిన ప్రశ్నకు సరియైన జవాబే ఇచ్చారు.

రెండవ న్యాయమూర్తి టిక్కెట్టు కిటికీ. దాని తీర్పు మెహబూబ్ ఖాన్ ‘మదర్ ఇండియా’. 1940లో తాను తీసిన ‘ఔరత్’ కథనే మెహబూబ్ రంగులలో, దేశమంత విశాలంగా మళ్లీ చెప్పాడు. 1927లో కాథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి భారత స్త్రీని, సమాజాన్ని కించపరుస్తూ వ్రాసిన పుస్తకం పేరునే తన చిత్రానికి పెట్టుకొని, దానికి జవాబు చెప్పాడు. వడ్డీ వ్యాపారి కోరలలో చిక్కిన రైతు కుటుంబం, నాగలి భుజాన మోసిన తల్లి, ఊరి ఆడబిడ్డ మానం కోసం కన్నకొడుకునే కాల్చిన తల్లి! నర్గీస్ ధరించిన రాధ పాత్రలో పల్లెటూరి ప్రేక్షకుడు తన తల్లిని చూసుకొన్నాడు. ఆ చిత్రం హాలీవుడ్ ఆస్కార్ బహుమతులలో విదేశీ భాషా చిత్రాల విభాగానికి ఎంపికైన మొదటి భారతీయ చిత్రం. ఇటలీ దర్శకుడు ఫెల్లినీ తీసిన ‘నైట్స్ ఆఫ్ కబీరియా’ చేతిలో అది ఓడిపోయింది.

ఆ ఏడు ఆగస్టు 15న విడుదలైన బి.ఆర్.చోప్రా ‘నయా దౌర్’ కూడా ప్రజలు నెత్తిన పెట్టుకొన్న చిత్రమే. టాంగాకు, బస్సుకు పందెం! ఆ పందెంలో ఉన్నవి వాహనాలు మాత్రం కావు. రెండవ పంచవర్ష ప్రణాళిక యంత్రాలను ఆహ్వానిస్తున్న రోజులలో, యంత్రం వస్తే మనిషి నోటిలోని కూడు ఏమవుతుందనే ప్రశ్న అందులో ఉన్నది. ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుని బహుమతి దిలీప్ కుమార్‌కు ఆ చిత్రంలోని నటనకే లభించింది. తెలుగునాట అంజలీదేవి, అక్కినేని నటించిన ‘సువర్ణసుందరి’ ఆదినారాయణరావు సంగీతంతో ఊరూరా మారుమ్రోగింది.

మూడవ న్యాయమూర్తి విదేశం. వెనిస్‌లో ‘అపరాజితో’ పోటీపడినది సామాన్యమైన చిత్రాలతో కాదు. జపాన్ నుంచి కురొసావా ‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’, ఇటలీ నుంచి విస్కోంటి ‘వైట్ నైట్స్’ బరిలో ఉండగా మొదటి బహుమతి బెంగాలీ చిత్రం తెచ్చుకొన్నది. అయినా కలకత్తా ప్రేక్షకులు దానిని ఆదరించలేదు. పట్నం చదువుల మోజులో కొడుకు తల్లికి క్రమంగా దూరమవుతాడు. తల్లి మరణంలో కూడా అతనికి ఏదో బంధం తెగిన ఊరట లీలగా తోస్తుంది. సొంత ఇంటి నిజాన్ని అంత నిర్దాక్షిణ్యంగా చూపితే తట్టుకొనడం కష్టం. పరాయివారికి ఆ కష్టం లేదు. విదేశీ తీర్పు బలమూ అదే, బలహీనతా అదే. దూరం నుంచి చూసేవారికి శిల్పం స్పష్టంగా కనబడుతుంది. నుడికారం మాత్రం చెవికెక్కదు.

నాలుగవ న్యాయమూర్తి కాలం. ఆయన తొందరపడడు. ఫిబ్రవరిలో విడుదలైన గురుదత్ ‘ప్యాసా’కు జాతీయ బహుమతి లేదు, ఫిల్మ్‌ఫేర్ బహుమతి లేదు. ప్రజలు ఆదరించారు, అంతే. బ్రతికి ఉండగా ఎవరికీ పట్టని కవి, చనిపోయాడని తెలియగానే లోకం నెత్తికెత్తుకొన్న కవి కథ అది. తన పుస్తకాన్ని, తన సంస్మరణ సభను తానే దూరం నుంచి చూసే ఆ కవి చివరకు ఆ కీర్తిని కాదని వెళ్లిపోతాడు. ఆ కథే గురుదత్ జీవితానికి వర్తించింది. 1959లో ‘కాగజ్ కే ఫూల్’ పరాజయం తరువాత ఆయన దర్శకునిగా తన పేరు వేసుకొనలేదు. 1964లో, నలభై ఏళ్లయినా నిండకుండా మరణించాడు. ఆ తరువాతనే దేశ విదేశాలలో విమర్శకులు ‘ప్యాసా’ను మళ్లీ కనుగొన్నారు. 2005లో ‘టైమ్’ పత్రిక ప్రకటించిన వంద ఉత్తమ చిత్రాల పట్టికలో దానికి చోటు దొరికింది. దాని వెలుగునీడలను చిత్రించిన వి.కె.మూర్తికి 2008వ సంవత్సరపు ఫాల్కే పురస్కారం ఇచ్చారు. ఒక ఛాయాగ్రాహకునికి ఆ పురస్కారం లభించడం అదే ప్రథమం. ఆ చిత్రంలో గులాబ్‌గా నటించిన వహీదా రహమాన్ అంతకు రెండేళ్ల ముందు ‘రోజులు మారాయి’లో నర్తించి తెలుగు ప్రేక్షకుల మెప్పు పొందిన అమ్మాయే.

ఇంటి కథకు పట్టాభిషేకం

ఇక మాయాబజార్. ఆ నలుగురు న్యాయమూర్తులలో ఒక్క ప్రజలు తప్ప మొదట దానిని గుర్తించినవారు లేరు. కారణం ఊహించడం కష్టం కాదు. పౌరాణికం, అందులోనూ వ్యాసభారతంలో లేని కథ. సురభి వంటి నాటక సమాజాలు ఎన్నో ఏళ్లుగా ఆడుతున్న శశిరేఖా పరిణయం. అంతకుముందు తెరకెక్కిన కథ కూడా. రాక్షసుడు, మాయ, పెళ్లివిందు! ‘సమస్యాత్మక’ చిత్రాలను వెదికేవారి కంటికి ఇది కాలక్షేపంగా తోచి ఉంటే ఆశ్చర్యం లేదు.

కాని పరీక్షగా చూసినవారికి అందులోని సాహసం తెలుస్తుంది. పాండవుల కథ అని చెప్పి పాండవులను ఒక్కసారి కూడా తెరపై చూపని చిత్రం అది. మహాభారత వీరులను తీసుకువచ్చి తెలుగింటి పెళ్లి పెత్తనాలలో, వియ్యాలవారి మర్యాదలలో, ఆస్తి పోయిన చుట్టాలను చిన్నచూపు చూసే లోకరీతిలో నిలబెట్టారు. అత్తింటివారి ఐశ్వర్యం పోగానే మేనరికం మాట తప్పిన తల్లి రేవతి, ఏ ఊరిలోనైనా కనిపించే తల్లే. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడకలో, చూపులో ఎస్.వి.రంగారావు ప్రత్యక్షమవుతాడు. ఆడపిల్ల దేహంలో రాక్షసుని గాంభీర్యాన్ని చూపిన ఆ నటన నటులకు ఒక పాఠ్యగ్రంథం. ఎన్.టి.రామారావును కృష్ణునిగా తెలుగువారు గుండెలో ప్రతిష్ఠించుకొన్నది ఆ చిత్రంతోనే.

పింగళి నాగేంద్రరావు ఆ చిత్రానికి మాటలే కాదు, మాటల టంకశాలను ఇచ్చాడు. ‘అసమదీయులు’, ‘తసమదీయులు’, ‘వీరతాడు’ నేటికీ తెలుగు పత్రికల రాజకీయ వ్యాఖ్యలలో ఉపయోగపడుతున్నాయి. మార్కస్ బార్‌ట్లే తెరపై కురిపించిన వెన్నెల, గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వంలో వెలసిన ద్వారక, పళ్లెంలోని లడ్డూలు తమంతట తాము ఘటోత్కచుని నోటిలోకి ఎగిరే మాయ, కంప్యూటరు అనే మాట సామాన్యునికి తెలియని రోజులలో సిద్ధించినవి. ఆ వెన్నెలను నేటి యంత్రాలతో అంత చల్లగా తెప్పించగలవారు ఉన్నారా అన్నది సందేహమే.

అయినా 2013 నాటి ఓటును కూడా తూచే చూడాలి. ఓటు వేసినవారు ఓటు వేయగలిగినవారే, వేయాలన్న పట్టుదల గలవారే. ఏ భాషవారి అభిమానం ఉప్పొంగితే ఆ భాష చిత్రం పైకి వస్తుంది. అందువల్ల అది మాయాబజార్ గొప్పతనానికి రుజువు కాదు. తెలుగువారికి ఆ చిత్రంపై గల ప్రేమకు రుజువు. మరి గొప్పతనానికి రుజువు? అరవై ఏళ్ల తరువాత ఆ చిత్రం ముందు కూర్చున్న పిల్లవాడు, కథ ముందే తెలిసినా, తెర వైపు నుంచి చూపు మరల్చకపోవడం.

ఒక పరీక్ష

నిపుణుల పట్టికలు కూడా స్థిరమైనవి కావు. లండన్ నుంచి వెలువడే ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకొకసారి ప్రపంచ విమర్శకుల ఓట్లు సేకరిస్తున్నది. 1952లో ‘బైసికిల్ థీవ్స్’ మొదటిది. 1962 నుంచి 2002 వరకు ‘సిటిజెన్ కేన్’ ఆ పీఠం వదలలేదు. 2012లో ‘వెర్టిగో’ దానిని దించింది. 2022లో షాంతాల్ అకెర్మాన్ అనే బెల్జియం దర్శకురాలు తీసిన ‘జాన్ డీల్మన్’ అందరినీ దాటింది. మారినవి చిత్రాలు కావు, చూసే కళ్లు.

అయితే ఎంపిక వ్యర్థమా? కాదు. చూసే కన్ను మారుతుందని తెలిసినవాడు ప్రశ్నలను మరింత జాగ్రత్తగా వేసుకొంటాడు. ఒక సంవత్సరపు చిత్రాలను ఏరదలచినవారికి నాలుగు ప్రశ్నలు చాలు.

మొదటిది: ఈ చిత్రాన్ని చరిత్ర నుంచి తీసివేస్తే ఆ తరువాత వచ్చిన చిత్రాలలో ఏవి కూలిపోతాయి? ‘మదర్ ఇండియా’ను తీసివేయండి. ‘గంగా జమునా’ (1961), ‘దీవార్’ (1975) ఉన్న రూపంలో ఉండవు. తల్లి ఒక వైపు, న్యాయం ఒక వైపు, దారి తప్పిన కొడుకు నడుమ అనే హిందీ సినిమా ప్రధాన సూత్రమే చెదిరిపోతుంది.

రెండవది: ఆ కాలపు మనుషులు దేనికి భయపడ్డారో, దేనిని ఆశించారో ఈ చిత్రం చెబుతుందా? ‘నయా దౌర్’లోని బస్సు, ‘మదర్ ఇండియా’ ఆరంభంలో వృద్ధురాలైన రాధ చేత ప్రారంభోత్సవం చేయించే కాలువ, శాంతారామ్ చిత్రంలోని సంకెళ్లు లేని జైలు, ‘ప్యాసా’లో కవి చూసే పట్నపు చీకటి వీధులు, నాలుగూ కలిస్తే స్వతంత్ర భారతపు పదవ ఏటి జాతకం. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదు. నాలుగూ కలిస్తేనే నిజం.

మూడవది: ఆ పనితనం మరొకచోట దొరుకుతుందా? మూర్తి వెలుగునీడలు, సావిత్రి నడక, పింగళి నుడి, ఇవి మరొకచోట దొరకవు.

నాలుగవది: రెండవసారి చూసినప్పుడు మొదటిసారి కనబడనిది కనబడుతుందా? బాల్యంలో మాయాబజార్ చూసినవారికి లడ్డూలు కనబడతాయి. యౌవనంలో వెన్నెల కనబడుతుంది. పిల్లల పెళ్లిళ్లు చేసే వయసులో బలరాముని ఇంటి బేరసారాలు కనబడతాయి.

ఈ నాలుగు ప్రశ్నలకూ గట్టి జవాబు చెప్పగలిగినవి 1957లో మూడు: ‘మదర్ ఇండియా’, ‘ప్యాసా’, ‘మాయాబజార్’. మూడింటికి చెప్పగలిగినవి రెండు: ‘దో ఆంఖేఁ బారహ్ హాథ్’, ‘నయా దౌర్’. విడుదల సంవత్సరపు నియమం లేకుంటే ‘అపరాజితో’ మొదటి వరుసలోనే ఉండేది. హృషీకేశ్ ముఖర్జీ తొలి చిత్రం ‘ముసాఫిర్’, అజయ్ కర్ బెంగాలీ చిత్రం ‘హారానో సుర్’, ఆదుర్తి సుబ్బారావు ‘తోడికోడళ్లు’ పక్కన వేచి ఉన్నాయి. ఈ పట్టికను ఒక తమిళుడు, ఒక కన్నడిగుడు, ఒక మలయాళీ చూసి తమ భాష చిత్రం లేదేమని అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. దేశంలోని అన్ని భాషల చిత్రాలనూ చూసినవాడు లేడు. చూసినట్లు నటించే పట్టిక కంటే, చూడనివి ఉన్నాయని ఒప్పుకొనే పట్టిక మేలు.

మిగిలిన వాటిలోనే ఎంపిక

ఇంతవరకు చెప్పినదంతా చిత్రాలు మిగిలి ఉన్నాయనే నమ్మకం మీద చెప్పినది. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. 1931లో వచ్చిన భారతదేశపు తొలి టాకీ ‘ఆలమ్ ఆరా’ ప్రతి ఒక్కటి కూడా నేడు లేదు. తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా లేదు. దేశంలో తయారైన మూకీ చిత్రాలు పదమూడు వందలకు పైగా ఉండగా, పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి సుమారు ముప్పయి మాత్రమే. 1931వ సంవత్సరపు మేటి చిత్రాలను ఏరబోయేవారు చిత్రాలను కాక, చిత్రాల ప్రకటనలను, జ్ఞాపకాలను ఏరవలసి వస్తుంది.

పాత రోజుల ఫిల్మ్ నైట్రేట్‌తో తయారైనది. అది తేలికగా అంటుకొని కాలిపోతుంది. తరువాత వచ్చిన ఎసిటేట్ ఫిల్మ్ అంటుకొనదు గాని, వేడికి, తేమకు పులిసి వెనిగర్ వాసన కొడుతూ ముడతలు పడి నశిస్తుంది. రంగుల ఫిల్మ్ వెలిసిపోతుంది. ఇవన్నీ ప్రకృతి చేసే నష్టాలు. మనిషి చేసినది మరొకటి. ఫిల్మ్‌లో ఉండే కాసింత వెండి కోసం పాత ప్రతులను కరిగించి అమ్ముకొన్నారు. ఆడడం ఆగిన చిత్రం నిర్మాతకు గోదాము అద్దె తప్ప మరేమీ మిగల్చదు. ఆ లెక్కలో కళాఖండమూ కరిగింది, కాలక్షేపమూ కరిగింది.

పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడినది 1964లో. మాయాబజార్, ప్యాసా విడుదలై అప్పటికి ఏడేళ్లయింది. మరుసటి సంవత్సరం అందులో చేరిన పి.కె.నాయర్ 1991లో పదవీ విరమణ చేసేవరకు ఊళ్లు తిరిగి, పాత నిర్మాతల వారసుల గడపలు ఎక్కి, డబ్బాలు మోసుకువచ్చి వేలాది చిత్రాలను చేర్చాడు. ఆయన మంచి చిత్రమా, చెడ్డ చిత్రమా అని చూడలేదు. ముందు దాచాలి, తరువాత తీర్పు చెప్పుకోవచ్చు అన్నది ఆయన ఆచరించిన సూత్రం. అలా దాచిన చోట కూడా ఆపద తప్పలేదు. 2003 జనవరిలో పూనాలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో పాత నైట్రేట్ చిత్రాలు బూడిదయ్యాయి.

‘అపరాజితో’ కథ ఇంకా విచిత్రమైనది. 1993లో లండన్‌లోని ఒక ప్రయోగశాలలో చెలరేగిన మంటలలో రాయ్ చిత్రాల మూల నెగిటివ్‌లు కాలిపోయాయి. ఆ కాలిన ముక్కలను పారవేయకుండా అమెరికాలోని ఆస్కార్ అకాడమీ వారు దాచారు. ఇరవై ఏళ్ల తరువాత, సాంకేతిక శక్తి పెరిగినప్పుడు, ఇటలీలోని బొలోన్యా నగర నిపుణులు ఆ పెళుసుబారిన ముక్కలను చేతితో ఒక్కొక్కటిగా బాగుచేశారు. ‘అపరాజితో’లో సగానికి పైగా భాగం మూల నెగిటివ్ నుంచే తిరిగి లభించింది. 2015లో అది మళ్లీ తెరపై వెలిగింది. ఎవరో ఒకరు ‘ఇది ముఖ్యమైనది’ అని నమ్మి ఉండకపోతే ఆ బొగ్గు ముక్కలు చెత్తకుప్పలో కలిసి ఉండేవి.

పట్టికలు తయారుచేయడం పనిలేనివారి వినోదం కాదని ఇక్కడ తేటతెల్లమవుతుంది. అమెరికాలో 1988లో చట్టం చేసి, మరుసటి సంవత్సరం నుంచి ఏటా ఇరవై అయిదు చిత్రాలను జాతీయ పట్టికలో చేర్చి కాపాడుతున్నారు. విడుదలై పదేళ్లయినా నిండని చిత్రాన్ని అందులో చేర్చరు. కాలమనే నాలుగవ న్యాయమూర్తికి వారు చట్టంలోనే ఆసనం వేశారు. మన దేశంలో కూడా జాతీయ చలనచిత్ర వారసత్వ పథకం కింద పాత చిత్రాలను బాగుచేసే పని సాగుతున్నది. కాని బాగుచేయవలసినవి వేలు, చేయగలిగినవి వందలు. ఏది ముందు అన్న ప్రశ్న వచ్చినప్పుడు చేతికందేది పట్టికే. పేరున్న చిత్రానికి వైద్యం అందుతుంది. పేరు లేని చిత్రం వరుసలో నిలబడి ఉండగానే ప్రాణం విడుస్తుంది. మాయాబజార్ (2010), నయా దౌర్ (2007) రంగులద్దుకొని మళ్లీ విడుదలయ్యాయి. ఆ రంగులు మంచివా కావా అన్న వాదం ఎలా ఉన్నా, వాటిని తలచుకొనేవారు ఉన్నారు. ‘భాగ్యరేఖ’ను తలచుకొనేవారు ఎవరు? నాటి న్యాయనిర్ణేతలు రజత పతకం ఇచ్చి దాని పేరును రికార్డులో వ్రాయబట్టే ఈనాడు ఈ ప్రశ్న అయినా వేయగలుగుతున్నాము. ఆ విధంగా చూస్తే వారు చేసిన మేలు చిన్నది కాదు.

ప్రియదర్శిని, సత్యపీఠం

మాయాబజార్‌లో రెండు మాయావస్తువులు ఉన్నాయి. ఒకటి ప్రియదర్శిని పేటిక. దానిని తెరచినవారికి తమకు అత్యంత ప్రియమైనది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. మరొకటి సత్యపీఠం. దానిపై నిలిచినవాడు, శకుని అంతటివాడైనా, మనసులోని నిజం కక్కక తప్పదు.

ఒక సంవత్సరపు మేటి చిత్రాల పట్టిక అడిగితే ప్రతివారూ మొదట తెరచేది ప్రియదర్శినినే. యౌవనంలో చూసిన చిత్రం, తండ్రి చేయి పట్టుకొని టూరింగ్ టాకీసులో చూసిన చిత్రం, అమ్మభాషలోని చిత్రం అందులో తళుక్కుమంటాయి. అందులో దోషం లేదు. ప్రేమ లేనివాడు ఏ చిత్రాన్నీ కాపాడడు. కాని పేటిక మూసి, ఒక్క క్షణం సత్యపీఠం ఎక్కాలి. ‘నేను చూసినవెన్ని? చూడనివెన్ని? నా భాష కాకపోయినా, నాకు నచ్చకపోయినా పోగొట్టుకోరానివి ఏవి?’ అని అడుగుకొని, ఆ జవాబును కూడా పట్టికలో చేర్చాలి.

1957లో ఆ పని చేయగలిగినవారు లేరు. నేడు చేయవచ్చు. ఆ ఏడు పుట్టిన మూడు వందల చిత్రాలలో నేటికీ చూడగలిగినవి ఇంకా ఎన్నో ఉన్నాయి. ఏ పాతపెట్టెలోనో, ఏ మూతపడిన థియేటరు అటకపైనో వాటిలో ఒకదాని చివరి ప్రతి ఈనాటికీ వెనిగర్ వాసన కొడుతూ పడి ఉండవచ్చు. అది మేటిదో కాదో తేల్చవలసినవారు ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. వారు పుట్టేవరకు దానిని బ్రతికించి ఉంచడమే నేటివారి వంతు.